వేడినీళ్లలో ఫోమ్ ప్యాడ్లు

పాలిషింగ్ మెషిన్ ఆన్ చేసేముందు ఫోమ్ ప్యాడ్‌ని కారుకి ఆనించాలి. ఆ ఒక్క ముక్క తెలియక, కార్ల షెడ్డులో పనికి చేరిన మొదటిరోజే మనవాడు మెషిన్‌ని గాల్లో పట్టుకుని బటన్ నొక్కేశాడు. ప్యాడ్ మీదున్న పాలిష్ అంతా చిమ్మి, ఎదురుగా నిలబడ్డ అమ్మాయి మొహం నిండా పడింది. ఆ అమ్మాయి షెడ్డు ఓనరుగారి కూతురు.

"సారీ అండీ! సారీ, సారీ!"

"ముందు కళ్లు తెరవనీ, తర్వాత చెప్తా నీ సంగతి!"

మొహం తుడుచుకుని చూస్తే, అతని తెల్లచొక్కా కూడా చుక్కల చొక్కా అయిపోయింది. ఆమె ఫక్కున నవ్వేసింది.

"పాలిష్ పనికి తెల్లచొక్కా వేసుకొచ్చిన మహానుభావుణ్ణి ఇప్పుడే చూస్తున్నా!"

ఆ రోజు నుంచీ అతని పేరు తెల్లచొక్కా. ఆ నవ్వుతోనే మనవాడి పని కూడా అయిపోయింది.

మెషిన్ పట్టడం ఆమె పని. దానికోసం తండ్రితో ఎంత పోట్లాడిందో షెడ్డులో అందరికీ తెలుసు. ప్యాడ్లు కడగడం అతని పని.

"గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బు. మెలిపెట్టి పిండకు, అరచేతుల మధ్య నొక్కు. నీడలో ఆరబెట్టు. వింటున్నావా?"

"వింటున్నానండీ."

ఏం విన్నాడు, పాపం! ఆమె చెవి పక్కన మిగిలిపోయిన పాలిష్ చుక్కనే చూస్తున్నాడు.

ఆదివారం షెడ్డుకి సెలవు. ఆమె చేత శభాష్ అనిపించుకోవాలని మనవాడు ఒక్కడే వచ్చాడు. మురికి పట్టిన పాత ప్యాడ్లన్నిటినీ బకెట్లో వేసి, టీ కెటిల్‌తో సలసలా కాగే నీళ్లు కుమ్మరించాడు. తర్వాత వాటిని రేకుల కప్పు మీద మండుటెండలో పరిచాడు. మురికి మొత్తం వదిలిపోయింది.

సోమవారం ఆమె వాటిని చూసి కళ్లు పెద్దవి చేసింది.

"అబ్బో! కొత్తవాటిలా ఉన్నాయే! తెల్లచొక్కా, నువ్వు మామూలోడివి కాదు!"

ఇంకేముంది, మనవాడు గాల్లో తేలిపోయాడు.

మధ్యాహ్నం నల్లకారు బానెట్‌కి ఆమె పాలిష్ పెడుతుండగా, గిర్రున తిరుగుతున్న మెషిన్ నుంచి ప్యాడ్ ఊడి గోడకి తగిలింది. ప్యాడ్ వెనకుండే గట్టి ప్లేటు బానెట్‌ని కర్‌మని గీరేసింది. ఆమె చప్పున మెషిన్ ఆపింది, కానీ అప్పటికే చంద్రవంకలాంటి గీత పడిపోయింది.

ఓనరుగారు పరుగెత్తుకొచ్చారు. "అంత బలంగా నొక్కొద్దని ఎన్నిసార్లు చెప్పానే నీకు? చాలు! ఇక మెషిన్ ముట్టుకోకు. వెళ్లి కౌంటర్లో కూర్చో!"

ఆమె ఊడిన ప్యాడ్‌ని గబుక్కున ఏప్రన్ జేబులో కుక్కేసుకుంది.

ఆ కాస్తలోనే తెల్లచొక్కా ప్యాడ్ వెనకవైపు చూశాడు. మెషిన్‌కి అంటుకునే పట్టీ సగం ఊడి వేలాడుతోంది. వేడినీళ్లకి జిగురంతా కరిగిపోయిందని అప్పుడు తెలిసింది. 'తప్పు నాది' అనడానికి రెండు మాటలు చాలు. కానీ చెప్తే పని పోతుంది, పని పోతే ఆమె కనిపించదు. ఛీ, ఇదా తన ప్రేమ? తలెత్తి ఆమెని చూడలేకపోయాడు.

అది చాలదన్నట్టు ఓనరుగారు అతని భుజం తట్టారు. "రేపట్నుంచి మెషిన్ నీదే. అమ్మాయి నేర్పిస్తుందిలే."

మర్నాడు వాన. రేకుల మీద ఒకటే మోత. ఆమె కొత్త ప్యాడ్ల డబ్బా విప్పింది.

"పాతవి వద్దు. ఇది పెట్టు. ఊఁ, మెషిన్ పట్టుకో."

అతను పట్టుకున్నాడు. హ్యాండిల్ మీద ఆమె చేతులు ఆని ఆని నున్నబడిన చోటే తన వేళ్లు పడ్డాయి. సిగ్గుతో చితికిపోయాడు. మెషిన్ కింద పెట్టేశాడు.

"నా వల్ల కాదండీ. ఆ ప్యాడ్లు మరిగే నీళ్లలో వేసింది నేనే."

"తెలుసు."

"తెలుసా?"

"ప్యాడ్ చేతిలోకి తీసుకోగానే తెలిసింది. చూయింగ్ గమ్‌లా సాగుతోంది జిగురు."

"మరి నాన్నగారికెందుకు చెప్పలేదు?"

"చెప్తే నిన్ను పంపించేస్తారు." అంది ఆమె. "నువ్వే చెప్తావనుకున్నా. నిన్న సాయంత్రందాకా కౌంటర్లో కూర్చుని నీవైపే చూశాను. ఒక్కసారైనా తలెత్తావా?"

అంతకంటే చెంపమీద కొట్టినా బాగుండేది. అతను వానలో తడుచుకుంటూ ఎదురుగా ఉన్న ఆఫీసు గదిలోకి పరుగెత్తాడు. ఆమె వెనకాలే వెళ్లింది.

"సార్, మీ అమ్మాయి తప్పేం లేదు. ప్యాడ్లని ఉడకబెట్టింది నేను. నిన్న అబద్ధం ఆడలేదు గానీ నిజం మింగేశాను. నన్ను పంపించేయండి, మెషిన్ మాత్రం ఆమెకిచ్చేయండి."

ఓనరుగారు కళ్లజోడు తీశారు. "ఉడకబెట్టావా? ఎందుకురా?"

నిజాలు ఒకసారి మొదలయ్యాక ఆగితేగా! "మీ అమ్మాయి నన్ను చూసి అబ్బో అనాలని, సార్."

నేల చీలితే బాగుండుననిపించింది మనవాడికి.

ఓనరుగారు కూతురివైపు తిరిగారు. "ఇది నీకు ముందే తెలుసా?"

"ప్యాడ్ సంగతే తెలుసు నాన్నా," అంది ఆమె ఎర్రబడ్డ మొహంతో. "రెండోది ఇప్పుడే."

"నిన్న అడక్కుండానే అరిచేశాను. నాదీ తప్పే, తల్లీ. మెషిన్ నీదే." తర్వాత అతనివైపు చూశారు. "నువ్వు ప్యాడ్లు కడగడం నేర్చుకో. ఆ బానెట్ గీత పోయేదాకా అమ్మాయి కింద పని చెయ్యి. రెండో సంగతి ఆ తర్వాత చూద్దాం. వెళ్లండి, వెళ్లండి."

వాన వెలిసింది. షెడ్డు చూరు కింద ఆమె బకెట్లో నీళ్లు కలిపి, ప్యాడ్ వేసి, చెయ్యి ముంచింది.

"నువ్వూ పెట్టి చూడు. ఇంత వెచ్చగా ఉంటే చాలు."

అతను తల దించుకునే చెయ్యి పెట్టాడు. సబ్బు నురగ కింద ఏమీ కనిపించలేదు.

"పిండకు. నొక్కు."

నొక్కాడు.

"నొక్కమంది ప్యాడ్‌ని," అంది ఆమె. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. అప్పుడు తలెత్తి చూశాడు మనవాడు.