ఫ్యాక్టరీలో కట్టని నిమ్మకాయలు

శవం కారు పక్కనే ఉంది. కారు మీద కప్పిన టార్పాలిన్ మాత్రం కప్పినట్టే ఉంది.

తునిలో తమలపాకుల టోకు వ్యాపారం చేసే నాగేశ్వరప్రసాద్ బోర్లా పడి ఉన్నాడు. తల వెనక ఒకే ఒక్క దెబ్బ. పక్కన జాకీ రాడ్డు. దాని మీద గ్రీజు, రక్తం.

ఇన్‌స్పెక్టర్ బుల్లిరాజు ఆ ఇంటి పక్కనున్న కారు షెడ్డులోకి అడుగు పెట్టేసరికి తొమ్మిదిన్నర. అప్పటికే అక్కడ విచారణ, తీర్పు రెండూ అయిపోయాయి. తీర్పు చెప్పింది చచ్చినవాడి భార్య రాజరాజేశ్వరి.

"వీడే చంపాడు. తీసుకెళ్ళండి."

మెకానిక్ వీరబ్రహ్మం గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎడం చెంప వాచింది. ఆవిడే చెప్పు తీసి కొట్టింది. బజారంతా చూస్తుండగా కొట్టింది.

"చూశారాండి మీరు?" బుల్లిరాజు అడిగాడు.

"చూడక్కర్లేదు. నిన్న సాయంత్రం వీడు ఆయన్ని బెదిరించాడు. అది నా చెవులతో విన్నాను."

"ఏమన్నాడు?"

"మంచి జరగదు, చూసుకోండి అన్నాడు."

బుల్లిరాజు మెకానిక్ వైపు తిరిగాడు. "అన్నావా?"

"అన్నానండి. నిమ్మకాయల గురించండి."

ఆ కారు సంగతి తెలియనివాడు తునిలో లేడు. మస్టాంగ్. అమెరికాలో కుర్రాళ్ళు పందేలకి తోలే బండి. పదేళ్ళ కిందట నాగేశ్వరప్రసాద్ మద్రాసులో కొన్నాడు. మన రోడ్లకి తగ్గట్టు ఏవేవో మార్పించి మరీ తెచ్చాడు. పెట్రోలు ధర మండిపోయాక దాని ఇంజను పీకించి, ఎవరిదో పాత వ్యాను డీజిలు ఇంజను పెట్టించాడు. అక్కడితో ఊరుకున్నాడా? రెండేళ్ళ కిందట మళ్ళీ బుద్ధి మారింది. ఫ్యాక్టరీలోంచి ఎలా వచ్చిందో అచ్చం అలాగే కావాలన్నాడు. పాత ఇంజను వెతికించాడు. అదే ఎరుపు, అదే సీటు గుడ్డ, అవే స్క్రూలు. వీరబ్రహ్మం ప్రాణం తోడేశాడు.

పని మొన్ననే పూర్తయింది. శుక్రవారం అన్నవరం కొండకి తీసుకెళ్ళి పూజ చేయించేదాకా కారుని ఎవరూ చూడకూడదన్నాడు. దిష్టి తగులుతుందట. పెళ్ళానికి కూడా చూపించలేదు మహానుభావుడు. అంత దిష్టి భయం ఉన్నవాడు, వీరబ్రహ్మం బంపరుకి నిమ్మకాయలు, మిరపకాయలు కడితే మాత్రం తెంపి అవతల పారేశాడు. "ఫ్యాక్టరీలో నిమ్మకాయలు కట్టారా?" అని కేకలేశాడు. చోద్యం కాకపోతే ఏమిటి?

"పొద్దున్న ఏం జరిగింది?" బుల్లిరాజు అడిగాడు.

"ఆరింటికి ట్రయల్‌కి తీసుకెళ్ళారండి. ఒక్కరే. ఏడు దాటాక వచ్చారు. ఇద్దరం కలిసి టార్పాలిన్ కప్పేశాం. నన్ను టిఫినుకి వెళ్ళి రమ్మన్నారు."

"నువ్వు వెళ్ళినట్టు హోటల్లో ఎవరైనా చెబుతారా?"

"రద్దీగా ఉందండి. ఎవరు గుర్తు పెట్టుకుంటారు?"

"తిరిగొచ్చింది?"

"ఎనిమిదింటికి. అప్పటికే ఇలా ఉన్నారండి."

వీరబ్రహ్మం లుంగీ అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. రాజరాజేశ్వరి మాత్రం ఏడవడం లేదు. షెడ్డు తాళంచెవి, కారు తాళంచెవి రెండూ కొంగున ముడి వేసుకుంది.

"వినండి ఇన్‌స్పెక్టర్ గారూ. నా భర్తని చంపినవాడు ఎవడైనా సరే, ఉరికంబం ఎక్కాలి. దానికోసం నా ఇల్లు అమ్ముకోవాల్సి వచ్చినా అమ్ముకుంటాను. అందాకా ఈ కారుని ఎవరూ ముట్టుకోరు."

"ఎవడైనా సరేనా అండి?"

"ఎవడైనా సరే."

ఫొటోలు తీయడం అయ్యాక ఆవిడే నిలబడి షెడ్డుకి తాళం వేయించింది. వీరబ్రహ్మాన్ని జీపు ఎక్కించారు.

మధ్యాహ్నం రాజరాజేశ్వరి తమ్ముడు కుక్కుటేశ్వరరావు వచ్చాడు. వాళ్ళ పుట్టిల్లు పిఠాపురం. అక్కడ బట్టల కొట్టు. ముప్పై రెండేళ్ళున్నా పెళ్ళి చేసుకోలేదు. చేతిలో అన్నవరం ప్రసాదం పొట్లాలు. కబురు విని అక్క కాళ్ళ దగ్గర కూలబడిపోయాడు.

అతను తేరుకున్నాక బుల్లిరాజు పక్క గదిలోకి పిలిచాడు.

"తునికి ఎప్పుడొచ్చారు?"

"తెల్లారగట్ల రైలుకండి. అది అన్నవరంలో ఆగదు. ఇక్కడ దిగి బస్సులో కొండకి వెళ్దామని. ఆరింటికి బస్‌స్టాండు దగ్గర బావ కారు ఆపి ఎక్కమన్నాడు."

"అన్నవరం దాకా?"

"అవునండి. ఆరున్నరకి మెట్ల దగ్గర దింపేసి వెనక్కి తిప్పుకున్నాడు. నేను పైకెళ్ళి వ్రతంలో కూర్చున్నాను."

"దారిలో ఎక్కడైనా ఆగారా?"

"ఆగలేదండి. అమ్మవారి గుడి దగ్గర నెమ్మది చేశాడు. నేను చెయ్యి చాపి హుండీలో చిల్లర వేశాను. అంతే."

హైవే మీద ఎడం పక్క ఆ చిన్న గుడి బుల్లిరాజుకీ తెలుసు. హుండీ తారు అంచునే ఉంటుంది. తుని నుంచి వెళ్ళే ఏ బండీ అక్కడ మొక్కకుండా పోదు. డ్రైవరు నెమ్మది చేస్తాడు. పక్క సీటులోవాళ్ళు కిటికీలోంచి చెయ్యి చాపి డబ్బులు వేస్తారు. లారీ అయితే క్లీనరు వేస్తాడు. డ్రైవరు ఒక్కడే ఉంటే బండి ఆపి, దిగి, చుట్టూ తిరిగొచ్చి వెయ్యాలి.

బుల్లిరాజు సాయంత్రం జీపులో అక్కడికి వెళ్ళాడు. హుండీ పక్కనే నేల మీద కూర్చుని సుబ్బాయమ్మ కొబ్బరికాయలు అమ్ముతోంది. పెద్దది. చూపు కాస్త ఆనదు.

"పొద్దున్న ఎర్ర కారు వచ్చిందా, మామ్మా?"

"రాకపోవడమేంటి బాబూ. ఆ మోతకి నా గుండె జారిపోయింది."

"కారులోంచి ఎవరైనా దిగారా?"

"దిగలేదు. ఈ పక్కనించే చెయ్యి చాపి వేశారు. ఎర్రరాయి ఉంగరం తళుక్కుమంది."

"మొహం చూశావా?"

"నేను నేల మీద కూర్చుంటాను, నాకు మొహాలేం కనపడతాయి? చేతులే కనపడతాయి."

దిగకుండా వేశారంటే కారులో ఇద్దరు ఉన్నట్టే. కుక్కుటేశ్వరరావు చెప్పింది నిజమే. అతను పొద్దుటి నుంచీ కొండమీద ఉన్నాడు. ఇక మిగిలింది వీరబ్రహ్మం ఒక్కడే. బుల్లిరాజుకి మనసొప్పలేదు గానీ, ఒప్పుకోక తప్పేలా లేదు.

రాత్రి భోజనం ముందు కూర్చుంటే సుబ్బాయమ్మ మాట గుర్తొచ్చింది. ఉంగరం. పొద్దున్న శవాన్ని తిప్పినప్పుడు చేతికి ఏముంది? ఎర్రరాయి ఉంగరం. మధ్యాహ్నం కుక్కుటేశ్వరరావు తల పట్టుకుని కూర్చున్నప్పుడు? పది వేళ్ళూ బోసిగా ఉన్నాయి.

తెల్లారగానే బుల్లిరాజు లాకప్ దగ్గరికి వెళ్ళాడు. వీరబ్రహ్మం మెడ పట్టుకుని మూలుగుతున్నాడు.

"ఎవరైనా కొట్టారా?"

"లేదండి. ఆఖరి వారమంతా డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకునే ఉన్నాను కదండీ. మెడ పట్టేసింది."

"డాష్‌బోర్డు కింద వారం రోజులు ఏం పనయ్యా?"

వీరబ్రహ్మం చెప్పాడు. వినగానే బుల్లిరాజు నుదురు కొట్టుకున్నాడు. నిన్న ఫొటోలు తీసేటప్పుడు టార్పాలిన్ ఎత్తితే ఆ విషయం తన కళ్ళముందే ఉంది. చూశాడు కూడా. శవం గొడవలో దాని గురించి ఆలోచించలేదు. తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఆ మధ్యాహ్నం అందరినీ షెడ్డు దగ్గరికి పిలిపించాడు. రాజరాజేశ్వరి, ఆవిడ తమ్ముడు, సుబ్బాయమ్మ, బేడీలతో వీరబ్రహ్మం.

"వీణ్ణి మళ్ళీ ఇక్కడికెందుకు తెచ్చారు?" అంది రాజరాజేశ్వరి. మెకానిక్‌ని చూడగానే ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి.

"పని ఉందండి. తాళం తియ్యండి."

ఆవిడ కొంగు ముడి విప్పి తాళం తీసింది. లోపల టార్పాలిన్ కప్పుకుని కారు అలాగే ఉంది.

"కుక్కుటేశ్వరరావు గారూ, చిన్న సాయం. నిన్న బావగారి పక్కన ఎలా కూర్చున్నారో, హుండీలో ఎలా వేశారో చూపించండి. రిపోర్టులో రాయాలి."

"అదెంత పని." అతను కళ్ళు తుడుచుకుని లేచాడు.

నేరుగా ఎడం పక్క తలుపు దగ్గరికి నడిచాడు. ఎవరూ దారి చెప్పలేదు. టార్పాలిన్ అంచు పైకెత్తాడు, తలుపు లాగాడు, వంగి ఒక కాలు లోపల పెట్టాడు.

మోకాలు స్టీరింగ్‌కి కొట్టుకుంది.

అతను అలాగే వంగి నిలబడిపోయాడు. కాలు బయటికి తియ్యడం కూడా మర్చిపోయాడు.

బుల్లిరాజు టార్పాలిన్ పూర్తిగా లాగేశాడు. కారు ఎర్రగా, కొత్త పెళ్ళికూతురిలా ఉంది.

"అమెరికాలో బండ్లకి స్టీరింగ్ ఎడం పక్కే ఉంటుందండి. మద్రాసులో దాన్ని కుడి పక్కకి మార్పించారు. మీరు ఎప్పుడు ఎక్కినా అలాగే ఉంది. ఫ్యాక్టరీలో ఉన్నట్టు కావాలని మీ బావ పోయిన వారమే మళ్ళీ ఎడం పక్కకి పెట్టించారు. వీరబ్రహ్మం మెడ ఇంకా పట్టేసే ఉంది."

బుల్లిరాజు అటు తిరిగి వెళ్ళి కుడి పక్క తలుపు తెరిచాడు.

"నిన్న ఈ కారులో మీరు నిజంగా కూర్చుని ఉంటే కుడి పక్కన కూర్చునేవారు. అక్కణ్ణించి చెయ్యి చాపితే రోడ్డు మధ్యకి వస్తుంది, హుండీకి అందదు. డ్రైవరు పక్కవాడు హుండీలో వెయ్యడం మనకి పుట్టినప్పట్నుంచీ అలవాటు. అందుకే ఆలోచించకుండా అబద్ధం చెప్పేశారు. నేనూ ఆలోచించకుండా నమ్మేశాను. మామ్మా, నువ్వు చూసిన ఉంగరం ఇదేనా?"

శవం వేలి నుంచి తీసిన ఉంగరం అరచేతిలో పెట్టి ముందుకి చాపాడు. సుబ్బాయమ్మ దగ్గరికి వంగి చూసింది.

"ఇదే బాబూ."

"కారులో ఉన్నది ఒక్కడే. ఎడం పక్క కూర్చుని తోలాడు, హుండీలో తనే వేశాడు, దిగాల్సిన అవసరం రాలేదు. ఏడు దాటాక తిరిగొచ్చాడు. కారు అన్నవరం వైపు వెళ్ళి రావడం ఆ మోతని బట్టే మీకు తెలిసింది. వీరబ్రహ్మం టిఫినుకి వెళ్ళడం మీరు చూశారు, లోపలికి వచ్చారు. అప్పటికే కారుకి టార్పాలిన్ కప్పేసి ఉంది. పని ముగించుకుని బస్సెక్కి అన్నవరం వెళ్ళారు. కండక్టరు మిమ్మల్ని గుర్తుపట్టాడు."

రాజరాజేశ్వరి తమ్ముడి దగ్గరికి వచ్చింది.

"ఒరేయ్ కుక్కుటేశం. కాదని చెప్పు."

అతను కాలు బయటికి తీసుకుని నిటారుగా నిలబడ్డాడు. నిన్నటి ఏడుపు మొహంలో ఎక్కడా లేదు.

"ఎందుక్కాదు? నేనే. ఉప్పాడ మీనాకుమారి గుర్తుందా అక్కా? చేపలు పట్టేవాళ్ళ పిల్లని పెళ్ళాడతానన్నాను. బావ ఈ కారు వేసుకుని వెళ్ళి, వాళ్ళ గుమ్మంలో ఆపి, పేట పేటంతా వింటుండగా దాన్ని అనరాని మాటలన్నాడు. మర్నాడు అది సముద్రంలో తేలింది. ఎనిమిదేళ్ళు ఓర్చుకున్నాను. పోయిన నెల పిఠాపురం వచ్చి నా కొట్లో కూర్చుని ఏమన్నాడో తెలుసా? 'బావమరిదీ, కారు మొదట్లో ఎలా ఉందో అచ్చం అలా తెచ్చుకుంటున్నాను' అన్నాడు. నవ్వుతూ అన్నాడు. నా మీనాని ఎవడు తెచ్చిస్తాడు, మొదట్లో ఉన్నట్టు?"

"నాతో చెప్పాల్సింది."

"నీతోనే చెప్పాను. అప్పట్లో నీ ఒక్కదానితోనే చెప్పాను. బావకి ఎవరు చెప్పారు మరి?"

రాజరాజేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నిన్ను చంపడం నాకు నిమిషం పని. కావాలనే వదిలేశాను. నువ్వు బతికుండి ఒంటరిగా ఏడవాలి, నేను ఏడ్చినట్టు."

హెడ్ కానిస్టేబుల్ వీరబ్రహ్మం చేతి బేడీలు విప్పి కుక్కుటేశ్వరరావుకి వేశాడు. తమ్ముణ్ణి గుమ్మం దాటించేదాకా ఆవిడ కదల్లేదు. తర్వాత బుల్లిరాజు వైపు తిరిగింది.

"నిన్న నేనేమన్నాను ఇన్‌స్పెక్టర్ గారూ?"

"ఎవడైనా సరే అన్నారండి."

"అదే నా మాట. కోర్టులో సాక్ష్యం నేనే చెబుతాను. వీడు ఇప్పుడన్న ప్రతి ముక్కా చెబుతాను." కారు తాళంచెవి బుల్లిరాజు చేతిలో పెట్టింది. "ఆయనకి చెప్పింది నేనేనన్న ముక్కతో సహా."

జీపులోంచి కుక్కుటేశ్వరరావు అరిచాడు. "అమ్మ బతికుందే అక్కా. అమ్మ మొహం చూసైనా."

"అమ్మకి నేను చెప్పుకుంటాను," అంది ఆవిడ. అటు తిరిగి చూడలేదు.

కారుని సాక్ష్యం కింద స్టేషనుకి తీసుకెళ్ళాలి. కానిస్టేబుళ్ళు షెడ్డు తలుపులు బార్లా తెరిచారు. రాజరాజేశ్వరి గబగబా ఇంట్లోకి వెళ్ళి ఒక దారం తెచ్చింది. దానికి నాలుగు నిమ్మకాయలు, మధ్యలో మిరపకాయలు గుచ్చి ఉన్నాయి. వీరబ్రహ్మం ముందు నిలబడింది. అతని చెంప ఇంకా వాచే ఉంది. ఆవిడ దాని వంక చూడలేకపోయింది.

"కట్టు నాయనా. ఆయన వద్దన్నారని వదిలేశాం. నువ్వు అప్పుడే చెప్పావు. ఇకనైనా ఈ బండికి కట్టు."

వీరబ్రహ్మం దారం అందుకోలేదు. మూల ఉన్న తన పనిముట్ల సంచీ తీసుకుని భుజాన వేసుకున్నాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, బంపరు మీద ఎవరిదో వేలిముద్ర కనపడితే లుంగీ అంచుతో శుభ్రంగా తుడిచాడు.

"ఫ్యాక్టరీలో నిమ్మకాయలు కట్టలేదండి," అన్నాడు.

బజారంతా చూస్తుండగా షెడ్డులోంచి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.