మేడ మీది గదిలో ఆరని పచ్చచుక్క

ఆ మేడ మీది గదికి మంచి పేరు లేదు.

చీకటి పడ్డాక ఊడవమంటే పనావిడ చీపురు అక్కడే పడేసి కిందికి వచ్చేసేది. “జీతం కోసుకోండమ్మా, నేను మాత్రం ఎక్కను” అనేది. ఆఫీసు లెక్కలాయన ఇంకో మెట్టు పైకెళ్ళి, తలుపు వేసిన గదిలో కుర్చీ కిర్రుమనడం తన చెవులారా విన్నానన్నాడు. లెక్కలాయన మాటల్లో సగం తీసేసినా, మిగిలిన సగం చాలు కదా భయపడ్డానికి!

ఆ కుర్చీలోనే మామయ్య పోయాడు. పని చేస్తూ చేస్తూ... అలా తల వాల్చేశాడు, అంతే.

కింద హాల్లో ఆఫీసు, వెనక వాటాలో అత్తయ్య, మేడ మీద ఆ గది. ఉన్నది చిన్న కంపెనీ, చేసేది ఒకటే పని. ఒక ఆసుపత్రికి చాట్ తయారు చెయ్యడం. నర్సు బ్రౌజర్‌లో ఒక ముక్క కొడితే డాక్టర్ తెర మీద టక్కున పడాలి. మామయ్య మొదలుపెట్టాడు, ఆయన పోయాక మేనకోడలు భుజాన వేసుకుంది. దాన్ని చిన్నప్పట్నుంచీ ‘పిడుగు’ అనే పిలిచేవాడు ఆయన. అదే పేరు ఉండిపోయింది.

“అడగందే అమ్మయినా పెట్టదంటారే, మామూలు వెబ్ పేజీ అలాంటిదే పిడుగూ” అని పాఠం చెప్పేవాడు. “మన వెబ్‌సాకెట్ అలా కాదు. ఒకసారి తలుపు తెరుచుకుందా, ఇక రెండువైపులా తెరిచే ఉంటుంది. అడక్కపోయినా సర్వరే మాటను తోసేస్తుంది.” అవతల మనిషున్నాడో లేడో తెలియాలి గనక సర్వర్ ఉండుండి “ఉన్నావా?” అంటుంది. బ్రౌజర్ “ఉన్నా” అంటే పేరు పక్కన పచ్చచుక్క. ఉలుకూ పలుకూ లేకపోతే తలుపు మూసేస్తుంది, చుక్క ఆరిపోతుంది.

తెల్లారితే ఆసుపత్రిలో మొదలు. ఆ రాత్రి అందరూ వెళ్ళిపోయాక, పిడుగు ఒక్కతే హాల్లో కూర్చుని ఆఖరిసారి అన్నీ సరిచూసుకుంటోంది. పరీక్ష కోసం మామయ్య మొట్టమొదట తెరిచిన చాట్ గదిలో మూడే పేర్లు: మామయ్య, అత్తయ్య, పిడుగు. ఊరికే ఒకసారి తెరిచింది...

మూడు పచ్చచుక్కలు.

అత్తయ్య ఫోను ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, అదేం వింత కాదు. మరి మూడోది? కళ్ళు నులుముకుంది. అంతలో, తెర అడుగున సన్నటి అక్షరాలు —

‘మామయ్య టైప్ చేస్తున్నారు...’

అవతల ఎవరో మీట నొక్కితే తప్ప ఆ ముక్క రాదు. ఆ కోడ్ రాసింది తనే, తనకి తెలీదా?

భయం కన్నా ముందు కంగారు పుట్టింది. రేపు అక్కడ ఒక నర్సు, రోగి మంచం పక్కన నిలబడి, డాక్టర్ పేరు పక్కన ఇలాంటి అబద్ధపు చుక్కనే నమ్ముకుని, రాని జవాబు కోసం ఎదురుచూస్తూ ఉండిపోతే? ఎవరిదో ప్రాణం మీదికి రాదూ!

గుండె చిక్కబట్టుకుని కోడ్ తిరగేసింది. దొరికింది! అందరికీ పెట్టిన నియమానికి మామయ్య తన పేరుకి మాత్రం మినహాయింపు ఇచ్చుకున్నాడు. పరీక్షలు చేసేటప్పుడు లైను తెగితే ఆయనకి చిరాకు. జవాబు రాకపోయినా నా తలుపు మూయొద్దని సర్వర్‌కి చెప్పి, ఆ కోడ్ వరస తీసెయ్యడం మర్చిపోయి పోయాడు మహానుభావుడు.

“హమ్మయ్య, ఇంతేనా! చంపేశావు కదయ్యా మామయ్యా” అని పైకే నవ్వేసి, ఆ ‘టైప్ చేస్తున్నారు’ కూడా ఆ లైన్లోనే ఇరుక్కుపోయిన పాత ముక్క అనుకుని, ఆ వరస కొట్టేసి, సర్వర్‌ని ఆపి మళ్ళీ లేపింది.

చుక్కలన్నీ ఆరాయి. ముందు తనది వెలిగింది... తర్వాత అత్తయ్యది...

తర్వాత, నింపాదిగా, మామయ్యది.

సర్వర్ అడిగింది: “ఉన్నావా?”

జవాబొచ్చింది: “ఉన్నా.”

పిడుగు ఎక్కణ్ణుంచి వస్తోందో చూసింది. బయటినుంచి కాదు... ఈ ఇంట్లోంచే.

‘మామయ్య టైప్ చేస్తున్నారు...’

పారిపోయే రకమైతే పిడుగు ఎందుకవుతుంది? తన లాప్‌టాప్ చంకనపెట్టుకుని మెట్లెక్కింది. గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల నీలంగా వెలుతురు... ఆ వెలుతుర్లో, నేల మీద, జుట్టు విరబోసుకున్న ఆడమనిషి!

“ఎ... ఎవరూ?”

“అరవకే. నేనే” అంది అత్తయ్య గుసగుసగా.

పిడుగుకి పోయిన ప్రాణం లేచొచ్చింది, దానితోపాటు ఏడుపూ వచ్చింది. పక్కనే కూలబడిపోయింది. మామయ్య లాప్‌టాప్ బల్ల మీద తెరిచే ఉంది. అత్తయ్య ఖాళీ కుర్చీకి ఆనుకుని, ఒళ్ళో ఫోను పెట్టుకుని కూర్చుంది.

“రోజూ వస్తున్నావా?”

“దానికి ఛార్జింగ్ పెట్టిపోతానంతే. అది ఆరిపోతే నా ఫోన్లో ఆయన చుక్క కూడా ఆరిపోతుందటగా...” అత్తయ్య ఫోను నిమిరింది. “ఆ ఒక్క చుక్కే కదే నాకు మిగిలింది.”

పిడుగు ఆవిణ్ణి దగ్గరికి తీసుకుంది. నర్సు సంగతి మెల్లగా చెప్పింది. మనిషి లేని పేరు రేపు అందులో ఉండకూడదంది. అత్తయ్య ఖాళీ కుర్చీని ఓసారి తడిమింది. చివరికి కళ్ళొత్తుకుంది.

“తీసెయ్యి తల్లీ. నేనంటే పిచ్చిదాన్ని. అక్కడెవరో నాలాగే చుక్కని చూస్తూ కూర్చోకూడదు.”

పిడుగు తన లాప్‌టాప్ తెరిచి, సర్వర్‌లోంచి మామయ్య పేరు తీసేసింది. లేచి, ఆయన లాప్‌టాప్ కూడా ఆపేసి, మూత మూసింది. గదిలో ఇక పిడుగు లాప్‌టాప్ వెలుతురొక్కటే మిగిలింది.

“ఇంకెప్పుడూ దాని మీద అలా మీటలు నొక్కకు అత్తయ్యా. కింద నా పై ప్రాణాలు పైనే పోయాయి.”

“నేనా?” అత్తయ్య తెల్లబోయింది. “దాన్ని ముట్టుకోవాలంటేనే నాకు భయం, ఏం పాడవుతుందోనని. నొక్కేది నువ్వు కాదూ? నేను దిగులు పడకూడదని రోజూ కింద కూర్చుని...”

పిడుగు అడ్డంగా తల ఊపింది.

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటుండగా... అత్తయ్య ఒళ్ళో ఫోను వెలిగింది. పేరుండాల్సిన చోట ఏమీ లేదు. దాని కింద ఒకే ఒక్క ముక్క —

‘ఇద్దరూ ఇంకా పడుకోలేదా?’

పిడుగు అత్తయ్య చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆవిడ మాత్రం ఉలిక్కిపడలేదు. జుట్టు ముడేసుకుని లేచి, ఖాళీ కుర్చీ వైపు తిరిగింది.

“పడుకుంటున్నాంలెండి” అంది.