వాడుకోని కాలు

ఆ సాయంత్రం టైలరు షాపులో నేనొక్కదాన్నే ఉన్నాను. బయట వాన. కుట్టాల్సిన నర్సుల కోట్లు బల్ల మీద కుప్పగా పడి ఉన్నాయి. చెల్లి నా మందుల కోసం మెడికల్ షాపుకి వెళ్ళింది.

నాకు తుంటి కీలు మార్చి ఏడాది దాటింది. కీలు బ్రహ్మాండంగా కుదిరింది. ఆపరేషన్‌లో నరం దెబ్బతింది. కుడి మోకాలి కింద నుంచి స్పర్శ లేదు. పాదం పైకి లేవదు, తడిబట్టలా వేలాడుతుంది. పోనీ అలా మొద్దుబారి పడి ఉంటుందా అంటే అదీ లేదు. ఉండి ఉండి లోపల కారం పూసినట్టు మంట. చెల్లి దానికి కొత్తల్లుడని పేరు పెట్టింది. పని చేయడు, అలకలకి మాత్రం లోటు లేదు. ఒకరోజు అరికాల్లో గుండుసూది దిగినా తెలియక సాయంత్రం దాకా తిరిగాను. నేల మీద నెత్తుటి మరకలు చూసి చెల్లి లబోదిబోమంది.

"ఇంక చాలక్కా. షాపు మూసేద్దాం. ఆ కాలుతో ఎన్నాళ్ళు?"

"ఎడమ కాలు ఉందిగా," అన్నాను. మెషిన్ పెడల్ ఎడమ పక్కకి జరిపించుకుని మళ్ళీ ఓనమాల నుంచి నేర్చుకున్నాను. మొదట్లో కుట్లు పాముల్లా మెలికలు తిరిగేవి. ఇప్పుడు నా కుట్టుకి ఎవరైనా వంక పెట్టమనండి!

ఓ కోటుకి కాలరు వేస్తుండగా కరెంటు పోయింది. మెషిన్ మూలిగి ఆగింది. రేకుల మీద వాన చప్పుడు. తడిసిన గుడ్డల ముక్కవాసన, మెషిన్ నూనె వాసన. పాదం వేలాడకుండా కట్టే ప్లాస్టిక్ పట్టీ ఉక్కపోతకి విప్పి పక్కన పెట్టాను. కదలకుండా కూర్చుని కరెంటు కోసం చూస్తున్నాను.

అప్పుడు తగిలింది. కుడి చీలమండ మీద... చల్లగా.

ఒళ్ళంతా పులకరించింది. ఏడాది తర్వాత నా కాలికి చలి తెలిసింది! కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. "ఒసేయ్, నరం వచ్చిందే!" అని ఖాళీ షాపులో అరిచాను కూడా.

ఆ చల్లదనం కదిలింది. మెల్లగా చుట్టుకుంది. పిల్లి కాబోలు అనుకున్నాను.

పిల్లికి వేళ్ళతో పట్టుకోవడం రాదు.

ఫోను లైటు వేసి బల్ల కిందకి చూశాను. గుడ్డ పీలికలు. దారపు ఉండ. నా పాదం. అంతే. ఎవరూ లేరు... కానీ చీలమండకి ఓ పక్క నాలుగు గుంటలు, రెండో పక్క ఒకటి. నేను చూస్తుండగానే అవి ఇంకా లోతుగా దిగాయి.

మరుక్షణం మంట ఆగిపోయింది. పూర్తిగా. ఆ హాయికి రెప్పలు వాలిపోయాయి.

"ఇచ్చేయ్..."

గుడ్డని నెమ్మదిగా చింపుతున్నట్టుంది ఆ గొంతు. బల్ల కింద నుంచి.

"ఎ... ఎవరు?"

"నువ్వు వాడుకోవట్లేదుగా... ఇచ్చేయ్. మంట ఉండదు..."

నా పాదం గోడ వైపు జారింది. కుర్చీ ఒరిగింది. కొత్త కీలు ఎక్కడ ఊడొస్తుందోనని పైప్రాణాలు పైనే పోయాయి. రెండు చేతులతో మెషిన్‌ని వాటేసుకున్నాను. అది లాగుతోంది... లాగుతూనే ఉంది.

ఉన్నట్టుండి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కాలి సంగతి మర్చిపోండి అన్నాడు డాక్టరు. షాపు మూసెయ్యమంది చెల్లి. బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళంతా నా కాలు చూసి అయ్యో అంటారు. ఇప్పుడు బల్ల కింది దెయ్యం కూడానా?

"వాడుకోవట్లేదని నీకెవరు చెప్పారే? రోజూ దానికి సాక్సు తొడుగుతున్నా, పట్టీ కడుతున్నా, తిట్టుకుంటూ ఊరంతా ఈడ్చుకు తిరుగుతున్నా. పని చేసినా చేయకపోయినా నా కాలే. ఆ మంటా నాదే. వదులు!"

కొలతల చెక్క స్కేలు చేతికందింది. బల్ల కిందకి దూర్చి నా చీలమండ మీదే బలంకొద్దీ కొట్టాను.

నాకు దెబ్బేం తెలియలేదు. స్పర్శ ఉంటే కదా! ఆ వేళ్ళు మాత్రం ఉలిక్కిపడ్డాయి.

"ఓహో! నొప్పి నీకూ ఉందన్నమాట!"

మళ్ళీ కొట్టాను. మళ్ళీ. కింద ఏదో బుసకొట్టింది... పట్టు సడలింది... వదిలేసింది. ఆ వెంటనే మంట భగ్గుమంది, మునుపటికి రెట్టింపు. పళ్ళు బిగించి నవ్వాను. ఏడ్చాను కూడా.

కాసేపటికి కరెంటు వచ్చింది. గొడుగు దులుపుకుంటూ చెల్లి వచ్చి నా కాలు చూసి కెవ్వుమంది. "ఏంటక్కా ఇది? మొత్తం కమిలిపోయింది!"

జరిగిందంతా చెప్పాను. నమ్మలేదు. దెబ్బతిన్న నరం ఒక్కోసారి ఇలాగే ఆడిస్తుందంది.

"సరే, నరమే అనుకో. పొద్దున్నే షాపు తెరుస్తాను. ఇదే కుర్చీలో కూర్చుంటాను. రమ్మను, ఎవరొస్తారో చూస్తా."

"నీతో వాదించడం నావల్ల కాదు తల్లీ," అంటూ అది నేల మీద కూర్చుని, నా పాదం ఒళ్ళో పెట్టుకుని మందు రాయసాగింది. ఉన్నట్టుండి దాని చెయ్యి ఆగిపోయింది.

"అక్కా... ఈ గోళ్ళు ఎవరు కత్తిరించారు?"

"నువ్వేగా. సాక్సంటే ఎలాగో తంటాలు పడి తొడుక్కుంటా, గోళ్ళ దాకా వంగడం నావల్ల ఎక్కడవుతుంది?"

"నేను కాదు," అంది చెల్లి గొంతు తగ్గించి. "పెరిగిపోయాయి, రేపు తియ్యాలని పొద్దున్నే అనుకున్నా..."

తొంగి చూశాను. బొటనవేలు, దాని పక్కన రెండు. ఎంతో శ్రద్ధగా, నున్నగా, ఎవరో తమ సొంత గోళ్ళని తీసుకున్నట్టు కత్తిరించి ఉన్నాయి.

చివరి రెండు వేళ్ళవి ఇంకా మిగిలే ఉన్నాయి.