ఇరవై ఆరు తలుపులు

"నా అంకెలేవి?"

నిచ్చెన మీదున్న పెయింటరు కిందికి చూశాడు. చంకలో రంపం, చెవి వెనక పెన్సిలు, కళ్ళలో నిప్పులు. కొత్తగా వచ్చిన వడ్రంగి కుర్రాడు.

"ఏ అంకెలు?"

"తలుపుల నెత్తిన పెన్సిలుతో వేశాను. ఒకటి నుంచి ఇరవై ఆరు దాకా."

"ఓ, అవా? స్కూలు పిల్లలెవరో గీశారనుకున్నా. శుభ్రంగా గరుకు కాగితంతో రుద్దేసి ప్రైమర్ కొట్టేశా." పెయింటరు గర్వంగా బ్రష్షు ఊపాడు. తెల్ల చుక్క ఒకటి వెళ్ళి వడ్రంగి ముక్కు మీద కూర్చుంది.

"పిల్లలు తలుపు నెత్తికెక్కి లెక్కలు చేసుకుంటారా?"

"మేం ఎక్కేవాళ్ళం."

నవ్వులాటకి నవ్వులాటే గానీ కొంప మునిగింది నిజం. సెలవుల్లో బడి రిపేరు. వడ్రంగి ఇరవై ఆరు గదుల తలుపులూ ఊడదీసి, అడుగులు చిత్రిక పట్టి, వరండాలో వరసగా ఆనించాడు. పాత బడి కాబట్టి ఏ గుమ్మమూ తిన్నగా లేదు. ఒకటి కుడికి వాలితే ఇంకోటి ఎడమకి ఒరిగింది. ఏ గుమ్మం తలుపు ఆ గుమ్మానికే పడుతుంది. పక్క గుమ్మానికి పెడితే పైన సందు, కింద రాపిడి. అందుకే అతను అంకెలు వేసుకున్నాడు. ఇప్పుడు తలుపులన్నీ ఒకే కాన్పులో పుట్టినట్టు తెల్లగా నిలబడి ఉన్నాయి.

పంచాయితీ మేస్త్రీ దగ్గరకి వెళ్ళింది. రిపేరు పనంతా చూసేది ఆయనే. వడ్రంగికి సొంత మేనమామ కూడా.

"రాసినోడు ఒక చివర, తుడిచినోడు ఒక చివర పట్టుకోండి," అన్నాడు మేస్త్రీ. "ఒక్కో తలుపూ గుమ్మం గుమ్మానికీ పెట్టి చూసుకోండి. బడి తెరిచే లోపల అన్నీ పడాలి. మళ్ళీ నా దగ్గరకి తగువు తెచ్చారో, ఇద్దర్నీ చెరో తలుపుకేసి బిగిస్తా."

ప్రేమంటే వెన్నెలా వీణా అని రాసేవాళ్ళ చేత ఒక్కసారి బడి తలుపు మోయించాలి. ఇద్దరు మోస్తే ఒకడు వెనక్కి నడవాలి. వెనక్కి నడిచేవాడికి దారి కనపడదు, ఎదుటివాడి మొహమే కనపడుతుంది. ఆ మొహాన్ని నమ్మి అడుగు వెయ్యాలి. ఇంతకంటే పెద్ద పరిచయం ఇంకేముంటుంది?

వెనక్కి నడిచింది పెయింటరే. తప్పు అతనిది కదా.

"ఎడమకి... ఎడమకి అన్నానా! అది నా ఎడమ!"

"నీ ఎడమ నాకెందుకు? నాది నాకుంది."

"మెట్టు ఉంది, మెట్టు!"

"ఇప్పుడా చెప్పేది? నా మడమ చెప్పేసింది."

వడ్రంగి పని చేస్తున్నంతసేపూ మాట్లాడతాడు. అంతా పడవల గోలే. చెక్కని ఆవిరి పట్టి ఎలా వంచుతారు, నీళ్ళు దూరకుండా అతుకు ఎలా కూరుతారు. నేల మీద సుద్దముక్కతో పడవ కడుపు గీసి చూపించేవాడు. పెయింటరు అతనికి 'సుత్తి' అని పేరు పెట్టాడు. అతను ఊరుకుంటాడా? పెయింటరు చెంపల మీదా కనురెప్పల మీదా ఎప్పుడూ రంగు చుక్కలే కాబట్టి 'చుక్క' అని పిలవడం మొదలెట్టాడు.

రోజుకి ఒక తలుపు పడితే గొప్ప. కొన్ని రోజులు అదీ లేదు.

పెయింటరుకి అమ్మా నాన్నా అన్నీ అక్కే. రెండు వీధుల అవతల కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. మధ్యాహ్నం స్కూటరు మీద డబ్బా తెచ్చిస్తుంది.

"ఏరా, ఈ మధ్య డబ్బాలో బాగా కుక్కమంటున్నావు?"

"ఆకలెక్కువైందక్కా."

"ఆకలెక్కువైతే రెండు చెంచాలెందుకురా?"

ఎర్ర రంగు డబ్బా మూత తీయకుండానే పెయింటరు చెవులు ఎర్రబడ్డాయి. అక్క వడ్రంగి వైపు తిరిగింది. "ఏం బాబూ, మావాడు పని చేస్తున్నాడా?"

"చేస్తున్నాడక్కా. వెనక్కి నడవడం బాగా వచ్చేసింది."

అక్క పకపకా నవ్వింది. వెళ్ళేముందు తమ్ముడి నెత్తిన చిన్న మొట్టికాయ వేసి, "కుర్రాడు బాగున్నాడు," అంది. అంతే. ఆ మాటలో ఎంత ఉందో అక్కాతమ్ముళ్ళిద్దరికీ తెలుసు. తోటి కుర్రాళ్ళు అమ్మాయిల గురించి చెప్పుకుంటుంటే తను ఎందుకు నవ్వి ఊరుకుంటాడో ఇరవయ్యేళ్ళుగా అతనికే సరిగ్గా తెలీదు. అక్కకి తెలుసన్నమాట.

ఆ రోజు నుంచి తలుపుని గుమ్మానికి పెట్టినప్పుడల్లా పెయింటరు మనసులో ఒకటే మొక్కు: పడకూడదు, ఇది పడకూడదు. తలుపులు అయిపోతే పని అయిపోతుంది. పని అయిపోతే సుత్తి ఒక దారి, తనొక దారి. లోపలి మాట ఇంకా నోట్లోంచి ఊడిపడనే లేదు.

ఏడు తలుపులు మిగిలిన రోజు వాన పడింది. ఆటస్థలం మధ్యలో ఉన్నారు, చేతుల్లో తలుపు. చినుకులు కావవి, గులకరాళ్ళు.

"నెత్తిన పెట్టుకో!" అని అరిచాడు వడ్రంగి.

"తలుపు తడుస్తుందిరా!"

"మనం తడవం!"

ఇద్దరూ తలుపుని గొడుగులా ఎత్తి పట్టుకుని దాని కింద దూరారు. పైన వాన డప్పు వాయిస్తోంది. నవ్వుతున్నారు. నవ్వు ఆగింది. ఊపిరికి ఊపిరి తగిలేంత దగ్గరలో ఉన్నారు. నాలుగు చేతులూ తలుపుకే సరిపోయాయి, ఇక మిగిలినవి మొహాలే. ముద్దు పెట్టుకున్నారు. దాచేదేముంది? వాళ్ళేం ఎవరి సొమ్మూ దొంగిలించలేదు.

"తలుపు వంగుతోంది," అన్నాడు పెయింటరు కాసేపాగి.

"నీ వైపే."

మర్నాడు పొద్దున పెయింటరు ఈల వేసుకుంటూ రంగు కలుపుతున్నాడు. మేస్త్రీ వచ్చి మిగిలిన తలుపులు లెక్కపెట్టాడు.

"త్వరగా కానియ్యండ్రా. మావాడు బడి తెరిచే లోపే రేవుకి వెళ్ళాలి. పడవలు కట్టే చోట పని నేర్పుతామని కబురొచ్చింది. రెండేళ్ళు."

ఈల ఆగిపోయింది.

ఆ వారమంతా పెయింటరు నోట 'ఊ', 'ఊహూ' తప్ప మాట లేదు. సుత్తి జోకులు వేశాడు, కావాలని పాదం మీద తలుపు దించుకున్నాడు, అయినా లాభం లేదు. చూస్తుండగానే చివరి తలుపు మిగిలింది. అది దాని గుమ్మానికి పడక తప్పదు. మిగిలింది ఒక్కటే గుమ్మం.

పెయింటరు గదిలో, వడ్రంగి వరండాలో. బందులు బిగించారు. చివరి రంగు పూశారు. తలుపు టక్కున మూసుకుంది. పిడి ఇంకా బిగించలేదు, లోపలి నుంచి లాగడానికి ఏమీ లేదు.

"తెరువు," అన్నాడు పెయింటరు.

"తెరవను. ముందు మాట్లాడు."

"ఏం మాట్లాడాలి? ఎప్పుడు చెబుదామనుకున్నావు? బస్సెక్కాకా?"

"చెబితే వెనక్కి నడవడం మానేస్తావని భయమేసింది."

వడ్రంగి తలుపుకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

"ఇంకోటి కూడా చెప్పాలి. తిట్టకు."

"చెప్పు. తిట్టాలో లేదో నేను చూసుకుంటా."

"అసలా అంకెలతో పని లేదు. బందులు కూర్చున్న గాడి కొలిస్తే ఏ తలుపు ఏ గుమ్మానిదో తెలిసిపోతుంది. టేపు పట్టుకుంటే మూడు రోజుల పని."

ఇది అర్థం కావడానికి పెయింటరుకి కొంచెం టైము పట్టింది. తర్వాత లోపలి నుంచి తలుపు మీద ఒక తన్ను పడింది.

"నా నడుం విరిగిందిరా దొంగ సుత్తీ! మరి మేస్త్రీకి తెలీదా?"

"మావయ్యకి తెలీకేం? మొదటి వారమే అడిగాడు, టేపు ఏమైందిరా అని. పోయిందన్నాను. నా జేబులో ఎత్తుగా కనపడుతూనే ఉంది. ఒకసారి దాన్ని చూసి, ఒకసారి నిచ్చెన మీదున్న నిన్ను చూసి, 'సరే, దొరికినప్పుడు చెప్పు' అని వెళ్ళిపోయాడు."

పెయింటరుకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. నుదురు తలుపుకి ఆనించాడు.

"చుక్కా," గొంతు తగ్గింది అవతల. "నువ్వు ఆగమంటే ఆగిపోతా. పడవలు ఎక్కడికి పోతాయి?"

"పడవలంటే పోయేవేరా, పిచ్చోడా."

ఆగు. రెండక్షరాలు. నాలుక చివరే ఉన్నాయి. కానీ నేలంతా సుద్ద పడవలు గీసినవాడిని ఇక్కడ కట్టేసి తను సుఖపడేదేముంది?

"ఆగుతావు. తర్వాత బతుకంతా తలుపులు బిగిస్తావు. ఒక్కో మేకుకీ నన్ను తిట్టుకుంటావు. ఆ పాపం నాకొద్దు."

"అయితే పొమ్మంటావా?"

"పొమ్మనట్లేదు. ఆపనంటున్నా. నువ్వంటే నాకిష్టం. ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు ఈ మాట. వినపడిందా?"

"తలుపు మందం. మళ్ళీ చెప్పు."

"తెరిస్తే చెబుతా."

పచ్చి రంగుకి అతుక్కున్న సందులోకి ఉలి దూరింది. తలుపు తెరుచుకుంది. పెయింటరు నుదుటి మీద అరచేయంత పచ్చి రంగు మరక. వడ్రంగి నవ్వబోయి, నవ్వలేక, దాన్ని చొక్కా చేత్తో తుడిచాడు. పెయింటరు మళ్ళీ చెప్పాడు. ఈసారి గట్టిగా కాదు.

వారం తర్వాత పొద్దున్నే బస్టాండు. వడ్రంగి భుజాన పనిముట్ల సంచి, చేతిలో పెయింటరు చెయ్యి. జనం చూశారు. చూడనీ. బస్సు కదలబోతూ హారన్ కొట్టింది. కండక్టరు తల బయట పెట్టాడు.

"ఇద్దరా, ఒక్కరా? త్వరగా తేల్చండి!"

"ఒక్కడే," అన్నాడు పెయింటరు.

"ఈసారికి," అన్నాడు వడ్రంగి, మెట్టెక్కుతూ.

బస్సు మలుపు తిరిగేదాకా పెయింటరు అక్కడే నిలబడ్డాడు. బస్టాండు బయట అక్క స్కూటరు ఇంజను ఆపకుండా అలాగే కూర్చుని ఉంది. తమ్ముడి మొహం చూసింది.

"ఏడుస్తావా, పనికెళ్తావా?"

"రెండూ."

"అయితే ఎక్కు," అంది అక్క. "దారిలో ఏడువు. ఆస్పత్రి గోడలు చూస్తూ కూర్చున్నాయి నీ కోసం."

అతను ఎక్కాడు. మొదటి వీధి దాటేదాకా అక్క వీపుకి మొహం ఆనించి ఏడ్చాడు. రెండో వీధిలో, ఆస్పత్రికి ఏ రంగైతే బాగుంటుందో అక్కతో వాదన పెట్టుకున్నాడు.