అయిపోయింది అనని హోటల్

సిరొంచలో నది దారిన ఉన్న ఆ పాత హోటల్లో ఇడ్లీ ఖాళీ అయినా, చాయ్ ఖాళీ అయినా "నిండుకుంది" అంటారే గానీ "అయిపోయింది" అనరు. బియ్యానికైతే "నిండుకుంది" అనే మాట ఎవరైనా వాడతారు. గ్యాస్ సిలిండర్‌కు కూడా వాడే ఇల్లు ఇదొక్కటే. కొత్తగా వచ్చిన ఫారెస్టు గార్డులు విని నవ్వుకుంటారు. హోటల్ నడిపే వనమాలకు నవ్వే ఓపిక ఎప్పుడో పోయింది.

అది ఆమె భర్త ముత్తాత రాజలింగం పెట్టిన కట్టడి. తెల్లదొరల కాలంలో ఆయన పేరున్న కంట్రాక్టరు. ఊళ్ళవాళ్ళకు బంగళాలు కట్టి, చివరికి తనకోసం ఈ ఇల్లు కడుతూ తొందరపడ్డాడు. కప్పుగా కట్టిన ఇటుక కమానులో సున్నం ఇంకా పచ్చిగానే ఉంది. పైనున్న కూలీలు "అయిందా?" అని అడిగితే, "అయిపోయింది. దిగుండ్రి, బువ్వ తిందురు" అన్నాడు. ఆ మాట విని కిందివాళ్ళు కమానుకు ఆనించిన దుంగలు లాగేశారు. మనుషులతో సహా కప్పు కూలింది. వండిన బువ్వ వండినట్టే ఉండిపోయింది.

రాజలింగం కప్పు మళ్ళీ వేయించాడు గానీ ఇంకో కంట్రాక్టు పట్టలేదు. ఆ కప్పు కిందే పొయ్యి పెట్టి హోటల్ నడిపాడు. ఆ ఒక్క మాట మాత్రం ఇంట్లో ఎవరూ అనొద్దని చెప్పి పోయాడు.

ఇప్పుడు భర్త లేడు, హోటల్ వనమాల ఒక్కతే లాగుతోంది. ఆ సాయంత్రం ముసురు పట్టి కరెంటు పోయింది. వెనక గదిలో కూతురు శ్రావణి జ్వరంతో మూలుగుతోంది. పిల్ల కాసేపు కన్ను మూస్తే చాలు, ఇంకేమీ వద్దనుకుంటూ వనమాల గిన్నెలు తోముతోంది. నడుము ఆమె మాట వినడం మానేసి చాలా కాలమైంది.

"అయిందా?" ఎవరో మెల్లగా అడిగారు.

ముందు గదిలో గిరాకీ అనుకుంది. తల కూడా ఎత్తలేదు.

"అయిపోయింది. పోండ్రి."

వాన చప్పుడు ఆగినట్టయింది. తడి సున్నం వాసన...

"అయితే దిగమంటవా?"

గొంతు ముందు గదిలోంచి రాలేదు. పైనుంచి వచ్చింది.

వనమాల తలెత్తింది. కప్పు మీద కాళ్ళు కదిలాయి. ఒకరి వెనక ఒకరు... గోడ వెంట కిందికి... ముందు గదిలో బల్లలు కిర్రుమన్నాయి.

"కూసోండ్రి," అంది. "జర ఆగుండ్రి... అన్నం వండుత."

"అలసినం, తల్లీ," అంది చీకట్లో ఒక గొంతు. "ఇన్నేండ్లు మోసి శానా అలసినం."

ఆమెకు భయం కంటే ముందు జాలి కలిగింది. పొయ్యి వెలిగించి, ఎసరు పెట్టి, దీపం పట్టుకుని తొంగి చూసింది. బల్లల దగ్గర ఎవరూ లేరు. వీధి తలుపు బార్లా తీసి ఉంది. తెల్లటి సున్నపు అడుగుజాడలు గడప దాటి వానలోకి వెళ్ళాయి. తిరిగొచ్చిన అడుగు ఒక్కటీ లేదు.

వెనక గదిలో ఏదో పెళ్ళలు రాలిన చప్పుడు. పరుగెత్తింది.

శ్రావణి మంచం మీద నిలబడి ఉంది. కమాను గోడలోకి వంగే చోట రెండు అరచేతులూ ఆనించి, జుట్టు నిండా సున్నంతో, ఒళ్ళంతా వణుకుతోంది.

"బిడ్డా... ఇటు రా."

"రావద్దమ్మా. బువ్వ తినొచ్చేదాక కప్పు జర పట్టుకొమ్మన్నరు."

వనమాల దీపం కింద పెట్టింది.

"బరువైతుందమ్మా. ఎప్పుడొస్తరు?"

ఆమె మంచమెక్కి, పిల్ల చేతుల పక్కన తన చేతులు ఆనించింది.

బరువు నిజంగానే ఉంది.