కాటా మాస్టారింటి తూకం

ఆదివారం పొద్దున ఆ ఇంట్లో కాఫీ కన్నా ముందు తూకం.

ముందు గది దుకాణం, వెనక మూడు గదులు ఇల్లు. దుకాణంలో అడుగు తీసి అడుగు వేయాలంటే కాటాలను దాటుకుంటూ పోవాలి. కూరల అంగడి నుంచి మందుల కొట్టు దాకా ఎవరి కాటా మొరాయించినా తీసుకొచ్చి ఇక్కడ పడేయాల్సిందే. అందుకే ఆ ఇంటి పెద్దాయన్ని అందరూ కాటా మాస్టారు అంటారు. ఆయన చేయి పడిన కాటాను శంకించిన మనిషి ఆ వీధిలో లేడు. ఆ గర్వం ఒక్క ఆయనతో ఆగలేదు, ఇంటిల్లిపాదికీ అంటుకుంది. పక్కింటివాళ్ళ థర్మామీటరు జ్వరం చూపిస్తే, ముందు థర్మామీటరునే అనుమానించే రకం వీళ్ళు.

కోడలికి ఆరో నెల, కడుపులో కవలలు. కవలలని తెలిసిన వారమే మాస్టారు దుకాణంలోని మనుషులు తూగే కాటాను విప్పి, శుభ్రం చేసి, నూనె పెట్టి, తన తూనికరాళ్ళతో సరిచూసి, తెచ్చి వసారాలో పెట్టారు. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం కోడలు దాని మీద ఎక్కాలి. ఆయన కళ్ళజోడు సర్దుకుని ముందు ఖాళీ కాటా చూస్తారు. ముల్లు సున్నా మీద ఉందని తేలాకే "ఎక్కు అమ్మాయ్" అంటారు. తర్వాత అంకెను వంటింట్లోకి వినపడేలా చదువుతారు. ఆయనకు అందులో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు, కోడలికి మాత్రం బజారులో నిలబెట్టినట్టుండేది.

మొదటి నెలల్లో నీళ్ళు తాగినా వాంతే. ముల్లు ఉన్నచోటు నుంచి కదలలేదు, పైగా ఒకసారి వెనక్కి కూడా వెళ్ళింది. అంకె వినపడగానే అత్తగారు గరిటె పట్టుకునే బయటికి వచ్చేవారు. ఒక్క ప్రాణానికే చాలని తిండి ముగ్గురికెలా సరిపోతుందని అడిగేవారు. కోడలు స్నానాల గదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చేది. ఆ ఏడుపు భర్తకు మాత్రం తెలుసు. అతను తండ్రితో కలిసి దుకాణంలోనే పని చేస్తాడు. ఉన్నచోటు నుంచి కదలని మనిషని చిన్నప్పుడే తండ్రి అతనికి పడికట్టు అని పేరు పెట్టారు. పడికట్టంటే తూనికరాయి. పేరుకు తగ్గట్టే బాధనైనా సంతోషాన్నైనా బయటపడనివ్వడు.

తర్వాత రోజులు మారాయి. వాంతులు తగ్గాయి, ముల్లు పైకి నడవడం మొదలుపెట్టింది. ఈ ఆదివారం మాస్టారు "యాభై ఎనిమిది" అని చదివి మీసం సవరించుకున్నారు. గర్భం రాకముందు యాభై. ఎనిమిది కిలోలు పెరిగిందంటే ఆస్పత్రిలో చెప్పిన లెక్కకు కాస్త అటూ ఇటూగా సరిపోయినట్టే. అత్తగారి గరిటె వంటింట్లోనే ఉండిపోయింది. కోడలు కూడా కుదుటపడింది. గర్భసంచి పైకి తోసుకొచ్చి నాలుగు ముద్దలకే గొంతు దాకా నిండినట్టుంటోంది, ఇక బలవంతంగా కుక్కుకోవడం ఎందుకు అనుకుంది. కళ్ళజోళ్ళ దుకాణంలో నిలబడి చేసే ఉద్యోగం తనది. మధ్యలో తినమని అత్తగారు కట్టిచ్చిన గుడ్లు, గింజలు ఒక్కోరోజు డబ్బా మూత తీయకుండానే తిరిగొచ్చేవి. బరువు పెరుగుతోంది కదా అని ఎవరూ అడగలేదు.

విచిత్రం ఏమిటంటే, ఇంట్లో ఒళ్ళు చేసింది కోడలొక్కతే కాదు. సరదాకి కాటా ఎక్కిన అత్తగారు ఒక్కసారిగా నాలుగు కిలోలు పెరిగినట్టు తేలింది. అప్పటి నుంచి ఆవిడ సాయంత్రం భోజనం మానేసి ఒక పండు ముక్కతో సరిపెడుతున్నారు. ఆ ఆకలంతా కోపంగా మారి మాస్టారి మీదికి వచ్చేది. ఆయన ఎందుకొచ్చిన గొడవని దుకాణంలోనే ఎక్కువసేపు కూర్చునేవారు.

సోమవారం ఆస్పత్రిలో ఆ ధీమా కూలిపోయింది. నర్సు తూచి యాభై అయిదు రాసింది. కోడలు నవ్వి, మీ కాటా మూడు కిలోలు తక్కువ చూపిస్తోందని చెప్పింది. నర్సు మళ్ళీ తూచింది. అదే అంకె. డాక్టరమ్మ కూడా ముందు తేలిగ్గానే తీసుకుంది, ఇళ్ళలో కాటాలు అలాగే ఉంటాయంది. "మా ఇంట్లో కాటా తప్పు చూపించదండీ" అని కోడలు కాస్త గట్టిగానే చెప్పింది. పక్కన కూర్చున్న భర్త ఆ మాటకు తల వంచుకుని చెప్పుల వంక చూశాడు. భయపడ్డాడేమో అనుకుంది.

స్కానింగు తర్వాత డాక్టరమ్మ ముఖంలో నవ్వు లేదు. ఇద్దరు బిడ్డల్లో ఒకరు బాగానే ఉన్నారు, రెండోవారు ఉండాల్సినంత ఎదగలేదు.

"దీనికి తిండి ఒక్కటే కారణమని నేననను. మాయ నుంచి అందేదాంట్లో తేడా ఉండొచ్చు, అది మేం చూస్తాం. కానీ మీ చేతిలో ఉన్నది తిండి, విశ్రాంతి. కవలలు చాలాసార్లు నెల నిండకుండానే వచ్చేస్తారమ్మా. చివర్లో పెరుగుతారులే అంటే ఆ చివర మనకు దొరక్కపోవచ్చు," అంది.

ఒకేసారి తినలేకపోతే గంటన్నరకో రెండు గంటలకో కొంచెం కొంచెంగా తినమంది. పాలు, పెరుగు, గుడ్లు, పప్పుగింజలు, చేప ఏదో ఒకటి ప్రతిసారీ ఉండాలంది. తీపి పదార్థాలతో బరువు పెంచుకుంటే లాభం లేదని, ఐరన్ మాత్రలు మానొద్దని, నిలబడే పని తగ్గించమని చెప్పింది. వారం తిరిగేసరికి మళ్ళీ రమ్మంది. ఇవన్నీ కోడలు వింటూనే ఉంది గానీ ఒక్క మాటే బుర్రలో తిరిగింది. రెండోవారు ఎదగలేదు.

ఇంటికొచ్చి సంగతి చెప్పగానే మాస్టారికి కోపం నషాళానికెక్కింది. బిడ్డ విషయం తర్వాత, ముందు కాటా విషయం తేలాలన్నారు. ఆస్పత్రి కాటా పాడైందని, తప్పు తూకం చూసి పిల్లను బెదరగొట్టారని, రేపే వెళ్ళి తేల్చుకొస్తానని సంచీలో తూనికరాళ్ళు సర్దడం మొదలుపెట్టారు. అత్తగారు కూడా వంతపాడారు.

"ఎందుకు నాన్నా, వాళ్ళతో మనకేంటి. డాక్టరమ్మ చెప్పినట్టు తింటే సరిపోతుంది కదా," అన్నాడు పడికట్టు.

"సరిపోవడమేంట్రా. ఎవరి ముల్లు అబద్ధమో తేలొద్దా?"

అతను సంచీని పక్కకు జరపబోయాడు, ఆయన లాక్కున్నారు. ఆ సాయంత్రం భోజనం దగ్గర కోడలు పట్టుదలగా తిన్నది. సగంలో కడుపు తిప్పితే లేచి నడిచి, మళ్ళీ కూర్చుని తిన్నది.

మర్నాడు మాస్టారు ఆస్పత్రిలో చేసిన హడావిడిని తర్వాత చాన్నాళ్ళు నర్సులు చెప్పుకున్నారు. వరసలో గర్భిణీలను ఆపి, ముసలాయన ఒకరు కాటా మీద ఇత్తడి రాళ్ళు పేరుస్తుంటే ఎవరు మాత్రం మరచిపోతారు. ఆయన ఒక్కో రాయీ పెట్టి, వంగి చూసి, మళ్ళీ పెట్టారు. ఆ కాటా ఎక్కడా తప్పలేదు. ఆయన రాళ్ళన్నీ సంచీలో వేసుకుని ఇంటికొచ్చారు.

అప్పటికి కోడలు ఇంట్లోనే ఉంది, కళ్ళజోళ్ళ దుకాణానికి సెలవు పెట్టింది. మాస్టారు తిన్నగా వసారాలోకి నడిచి ఇంటి కాటా ముందు కూర్చున్నారు. ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు సున్నా మీదే ఉంది. ఇన్నాళ్ళూ ఆయన చూసింది ఆ సున్నానే. సొంత చేత్తో సరిచూసిన కాటాను మళ్ళీ రాళ్ళు పెట్టి చూడాలని ఆయనకు తట్టలేదు. ఇప్పుడు దుకాణంలోని పెద్ద రాళ్ళు కూడా తెచ్చి పెట్టారు. బరువు పెరిగేకొద్దీ ముల్లు కూడా ఉండాల్సిన దాని కన్నా ముందుకు పరుగెత్తింది. యాభై అయిదు కిలోల రాళ్ళకు యాభై ఎనిమిది చూపించింది.

వెనక రేకు విప్పారు. లోపల స్ప్రింగు బిగించే మర ఒకటి ఉంటుంది. దుమ్ము పట్టిన ఆ లోపలంతటిలో ఆ మర అంచు ఒక్కటే కొత్తగా గీసుకుపోయి మెరుస్తోంది. సున్నా కదలకుండా బరువు మాత్రం ఎక్కువ చూపించేలా దాన్ని తిప్పడం వచ్చిన చేతులు ఆ వీధిలో రెండు జతలే ఉన్నాయి. ఒక జత తనది.

"పడికట్టూ," అని పిలిచారు. గొంతు పెంచలేదు.

అతను వచ్చాడు. విప్పేసిన రేకును చూశాడు. అబద్ధమాడే ప్రయత్నం కూడా చేయలేదు.

అత్తగారికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "అయితే నేను పెరగలేదా?" అన్నారు ముందు. అన్నాక అది కాదు విషయమని తెలిసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

మాస్టారు కొడుకును కొట్టి ఉంటే బాగుండేది. ఆయన అలా చేయలేదు. ఈ చేతులకు ఈ పని నేర్పినందుకు తనను తానే తిట్టుకోవాలన్నారు. రేపటి నుంచి దుకాణం గడప తొక్కొద్దన్నారు. ఊళ్ళో ఎవడికో దొంగ తూకం చేసిపెట్టినా క్షమించేవాణ్ణేమో, నీ సొంత బిడ్డల దగ్గర దొంగ తూకం చేశావన్నారు. పడికట్టు వింటూ నిలబడ్డాడు.

కోడలు అప్పటిదాకా గుమ్మం పట్టుకుని చూస్తోంది. ఆమెకు తిరిగొచ్చిన డబ్బాలు గుర్తొస్తున్నాయి. మూత తీయని ఒక్కో డబ్బా.

"ఎందుకు చేశావు?" అంది.

"నువ్వు ఏడుస్తుంటే చూడలేకపోయాను. ప్రతి ఆదివారం కుళాయి తిప్పి..."

"నా కోసమని చెప్పకు. నా ఏడుపు ఆపడానికి ఇంకో దారి ఉంది. ఆ కాటా తీసి అవతల పడేయమని మీ నాన్నకు చెప్పి ఉండొచ్చు. అది ఎందుకు చెప్పలేదు?"

అతను విప్పేసిన రేకు అంచును వేలితో రాస్తూ చెప్పాడు.

"నాకు భయమేసింది. ఇద్దరూ దక్కరేమో అనిపించేది. నాన్న మంచి అంకె చదివిన రోజు నాకు నిద్ర పట్టేది. నేనే తిప్పానని తెలిసి కూడా, ఆయన నోటి నుంచి వింటే నిజమే అనిపించేది."

పుట్టి బుద్ధెరిగాక అతను అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. చెప్పడం అయ్యాక అతను అక్కడే గోడకు జారబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కోడలికి అతని మీద జాలేసింది, కోపమూ పోలేదు. రెండూ ఒకేసారి ఉండొచ్చని ఆమెకు ఆ రోజే తెలిసింది.

"బాధపెట్టేదైనా సరే, ఇక మీదట నాకు నిజమే చెప్పు. నేను తట్టుకోలేనని నువ్వు నిర్ణయించకు," అని మామగారి వైపు తిరిగింది. "మామయ్యా, ఆయన్ని దుకాణంలోకి రానివ్వండి. తప్పు ఆయనొక్కరిదే కాదు. నేను మనిషిని. నన్ను బస్తాలా ఎక్కించి అంకె చదివారు మీరు. అది వినలేక నేనూ మంచి అంకె రాగానే తినడం తగ్గించాను. మన ముగ్గురం ముల్లునే చూశాం. లోపల వాళ్ళను చూడలేదు."

మాస్టారిని అంత మాట అన్నవాళ్ళు ఎవరూ లేరు. అత్తగారు బిక్కుబిక్కుమంటూ భర్త ముఖం చూశారు. ఆయన రేకు బిగించలేదు, రాళ్ళు కూడా ఎత్తలేదు. మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచి దుకాణంలోకి వెళ్ళిపోయారు. కోడలు అనరాని మాట అన్నానేమో అనుకుంటూ వంటింట్లోకి వెళ్ళి పీట మీద కూలబడింది.

కాసేపటికి గుమ్మం దగ్గర అలికిడైంది. మాస్టారే. వంటింట్లోకి ఆయన ఎప్పుడూ రారు. ఏ డబ్బా ఎక్కడుందో కూడా తెలియని మనిషి అటూ ఇటూ చూసి, ఆమె ఎదురుగా నేల మీదే కూర్చున్నారు. ఆమె కళ్ళలోకి చూడలేక తన చేతుల వంక చూసుకున్నారు. చివరికి అడిగారు.

"ఆకలిగా ఉందా అమ్మా?"

ఎంత తిన్నావని అడిగారు, ఎందుకు తినలేదని అడిగారు, ఎంత పెరిగావని అడిగారు. ఇన్ని నెలల్లో ఈ మాట ఎవరూ అడగలేదు. తనను తాను కూడా అడగలేదు. ఆమె పొట్ట మీద చేయి పెట్టుకుని ఒక్క క్షణం లోపలికి ఆలకించింది. భయం కింద, అలసట కింద, నిజంగానే ఆకలి ఉంది.

"ఉంది మామయ్యా," అంది, కళ్ళ నీళ్ళు బొటబొటా రాలుతుంటే. "చాలా ఆకలిగా ఉంది."