కారు కదలని నలభై నిమిషాలు

ఉదయం 6:55కి అంబులెన్సుకు ఫోను వెళ్లింది. 7:08కి అది వచ్చేసరికి హాల్లో సోఫా మీద డ్రైవింగ్ టీచరమ్మ చనిపోయి ఉంది.

"గుండెపోటు," అన్నాడు అందులో వచ్చిన డాక్టరు. "అరగంట ముందు ఆసుపత్రికి తెస్తే బతికేదేమో."

ఆ మాట చెవిన పడగానే, పక్క వీధి నుంచి అప్పుడే పరిగెత్తుకొచ్చిన కూతురు వీధి చివరి వర్క్‌షాపుకి వెళ్లి మెకానిక్ కాలరు పట్టుకుంది. కారు ఎంతకీ స్టార్ట్ కాలేదని తండ్రి చెప్పాడు; ముందురోజు సాయంత్రం దానికి కొత్త బ్యాటరీ బిగించింది అతనే. పోలీసులకు కంప్లెయింటూ ఆమే ఇచ్చింది.

7:30కి కానిస్టేబుల్ టీచరమ్మ ఇంటి గ్యారేజీకి తాళం వేశాడు. 10:20కి ఇన్‌స్పెక్టర్ వచ్చి తీయించింది. తన పాత కారు ప్లగ్గులు తానే శుభ్రం చేసుకునే మనిషి ఆమె.

టీచరమ్మ భర్త గోడకి ఆనుకుని నిలబడ్డాడు. రిటైరైన గుమస్తా. కూతురూ, పిలిపించిన మెకానిక్కూ గుమ్మం దగ్గర ఉన్నారు.

"నొప్పి ఎప్పుడు మొదలైంది?"

"ఆరూ పదికి."

"మీరు కారు దగ్గరికి వచ్చింది?"

"ఆరుంబావుకి. అప్పట్నుంచి తాళం తిప్పుతూనే ఉన్నాను. చేతులు పడిపోయాయి."

"నలభై నిమిషాలు ఫోనెందుకు చెయ్యలేదు?"

"ఇదిగో అంటుకుంటుంది, అదిగో అంటుకుంటుంది అనుకున్నాను."

ఇన్‌స్పెక్టర్ తాళం తిప్పింది. ఇంజను గిర్రున తిరిగింది. అంటుకోలేదు.

"చూశారా?" అంది కూతురు, మెకానిక్ వైపు చూస్తూ.

ఇన్‌స్పెక్టర్ బానెట్ ఎత్తింది. బ్యాటరీ టెర్మినల్స్ మీద పూసిన గ్రీజు చెదరలేదు. ఫ్యూజ్ బాక్స్ మూత తీసింది. ఒక గడి ఖాళీగా ఉంది.

"ఫ్యూయల్ పంపు రిలే లేదు. ఇది లేకపోతే ఇంజనుకి పెట్రోలు అందదు."

"నువ్వే తీశావు," అంది కూతురు.

మెకానిక్ నెమ్మదిగా అన్నాడు. "నిన్న వర్క్‌షాపు నుంచి అమ్మగారే బండి ఇంటికి తోలుకొచ్చారమ్మా. ఆ రిలే తీసుంటే వీధి మలుపు కూడా దాటదు."

అంటే అది ఈ గ్యారేజీలోనే ఊడింది. ఇన్‌స్పెక్టర్ మెకానిక్ దగ్గర మీటరు తీసుకుని బ్యాటరీకి ఆనించింది. 12.6 వోల్టులు.

"బండి ఎందుకు స్టార్ట్ కాలేదనే అందరూ చూస్తున్నారు. అది ఎంత హుషారుగా తిరిగిందో ఎవరూ పట్టించుకోలేదు," అంది ఇన్‌స్పెక్టర్, భర్త వైపు తిరిగి. "నలభై నిమిషాలు తిప్పితే ఎంత కొత్త బ్యాటరీ అయినా పడిపోతుంది. తాళం తిప్పితే టక్ మని ఊరుకోవాలి. ఇది నిండుగా ఉంది. మీరు తాళం తిప్పనే లేదు."

భర్త కారు దగ్గరికి వచ్చాడు. చొక్కా జేబులోంచి అగ్గిపెట్టె కన్నా చిన్న నల్లటి డబ్బీ తీసి బానెట్ అంచున పెట్టాడు. రిలే.

"ఎప్పుడు పీకారు?"

"ఫోను చేసే ముందు. బండి పాడైందంటే అందరూ నమ్మాలిగా. దొంగలు ఎత్తుకుపోకుండా ఎలా పీకాలో ఆవిడే నేర్పింది. నేర్పి, నీకిది కూడా రాదా అని నవ్వింది."

"అంతవరకూ ఏం చేశారు?"

"సీట్లో కూర్చున్నాను. ముప్పై ఏళ్లు ఆవిడ తోలింది, నేను పక్కన కూర్చున్నాను. ఇల్లూ అంతే. ఇవాళ మొదటిసారి నన్ను బతిమాలింది, తొందరగా తీసుకెళ్లమని. వచ్చి కూర్చున్నాను. తిప్పుదామనే కూర్చున్నాను. చెయ్యి లేవలేదు."

కూతురు మెకానిక్ వైపు చూడలేకపోయింది. తెగిన అతని చొక్కా గుండీ వైపు ఒకసారి చూసి తండ్రి ముందుకు వెళ్లింది.

"అమ్మ పిలవడం ఇక్కడికి వినపడిందా నాన్నా?"

"వినపడింది."

"ఎన్నిసార్లు పిలిచింది?"

"ఆరున్నర దాకా పిలిచింది," అన్నాడు.